లెక్కల డిపార్టుమెంటుకు మంచి మార్కులు

"ముందు ఆ తప్పులన్నీ తుడిపించండి మేడమ్," అన్నాడు కొండలరావు గుమ్మంలోనే నిలబడి.

కృష్ణప్రియ సుద్దముక్క చేతిలో ఉండగానే బోర్డు వైపు తిరిగింది. ఆ బోర్డుకు కుడిచేతి పక్కన కొంత భాగం ఎప్పుడూ తుడవరు. అక్కడ గళ్లు గళ్లుగా గీసి ఉంటుంది. గడికో తప్పు. ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం పిల్లలు ఆ వారంలో చేసిన తప్పులు. బోర్డు దగ్గరికొచ్చి రుజువు రాస్తూ ఎవరు ఎక్కడ కాలు జారితే ఆ మెట్టును తుడిచెయ్యకుండా, చుట్టూ డబ్బా గీసి, కింద పేరు రాసి, పక్కన మళ్లీ మొదలుపెట్టాలి. శనివారం దాకా అది అక్కడే ఉంటుంది. ఆరోజు చేసినవాళ్లే దాని ముందు నిలబడి ఎక్కడ మోసపోయారో అందరికీ చెప్పి, అప్పుడు డస్టర్ పట్టుకోవాలి. మొదట్లో పిల్లలు సిగ్గుతో చచ్చిపోయేవాళ్లు. ఇప్పుడు ఒకరి గడి చూసి ఒకరు వేళాకోళం చేసుకుంటున్నారు. మంచి తప్పు పడితే మెచ్చుకుంటున్నారు కూడా.

"ఉండనివ్వండి సార్. ఈ వారానివి ఇంకా మాట్లాడుకోలేదు," అంది.

"ఉండనిస్తే ఇంకేమన్నా ఉందా! ఎల్లుండి ఆడిట్ వాళ్లొచ్చి ఆ బోర్డు చూస్తే, ఈ సెంటర్లో పిల్లలకి ఒక్క లెక్కా సరిగ్గా రాదని రాసుకుపోతారు. తుడిచి, రేపు నల్లరంగు కూడా కొట్టించండి. ఇశ్రాయేలుకి డబ్బా తెమ్మని చెప్పా."

కొండలరావు చెడ్డవాడేం కాదు. కామర్సు మనిషి. నందిగామలో ఈ యూనివర్సిటీ పీజీ సెంటర్‌కు ప్రత్యేకాధికారిగా వచ్చేనాటికి ఇక్కడ నాలుగు కోర్సులుండేవి. ఒక్కోటీ మూతపడుతూ వచ్చి లెక్కల డిపార్టుమెంటు ఒకటే మిగిలింది. అదైనా ఎందుకు మిగిలిందయ్యా అంటే, వీరులపాడు, ముక్త్యాల, పరిటాల, ఆ చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలు పొద్దున బస్సెక్కి వచ్చి పొద్దుగూకేలోపు ఇల్లు చేరగలిగే ఎమ్మెస్సీ ఇదొక్కటే కాబట్టి. ఇప్పుడు యూనివర్సిటీ పెద్దలకు కొత్త ఆలోచన పుట్టింది. ప్రతి డిపార్టుమెంటు నాణ్యతనూ కొలిచి మార్కులు వెయ్యాలట. మార్కులు చాలనివాటిని వచ్చే సెమిస్టర్ నుంచి ఎత్తెయ్యాలట. గుడ్డనైతే గజాలతో కొలుస్తారు, పాలనైతే లీటర్లతో కొలుస్తారు. లెక్కలు చెప్పే గదిని దేంతో కొలుస్తారో కృష్ణప్రియకు అంతుపట్టలేదు.

"సరే సార్, తుడిపిస్తా," అంది చివరికి.

"ఇంకోటి. క్లాసు వీరరాఘవయ్య గారు తీసుకుంటారు. టైంటేబుల్లో పేరు ఆయనదే కదా. మీరు వరండాలో ఉండండి. ఎవరన్నా ఏమన్నా అడిగితే అన్నీ ఉన్నాయనండి, అంతే."

ఆ మాటకు ఆమెకు చివుక్కుమంది. టైంటేబుల్లో వారం పొడుగునా ఉన్న పేరు డాక్టర్ వీరరాఘవయ్యదే. ఆయన మెయిన్ క్యాంపస్ నుంచి శనివారం వచ్చి, సంతకాలు పెట్టి, టీ తాగి, పిల్లల్ని పేరుపేరునా పలకరించి వెళ్తాడు. జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో వచ్చి పాఠం చెప్పేది కృష్ణప్రియ. పీహెచ్‌డీ లేదు గనక గెస్టు ఫ్యాకల్టీ. గెస్టంటే చుట్టం. చుట్టం పేరు ఎవరూ గుమ్మం మీద రాయరు. ఆమె దానికి అలవాటు పడిపోయింది.

కొండలరావు వెళ్లాక ముందు బెంచీలోంచి దేవమణి లేచి వచ్చింది. "నేను తుడవనాండి మేడమ్?" అంది. గళ్లలో సగం ఆమెవే.

"తుడువు. అంతకుముందు నీవి నువ్వు నోట్సులోకి ఎక్కించుకో."

"అక్కర్లేదండి. గుర్తున్నాయి," అని నవ్వి డస్టర్ అందుకుంది దేవమణి.

*

మర్నాటికి సెంటర్ రూపు మారిపోయింది. గేటు దగ్గర ఫ్లెక్సీ, మెట్లకు రెండువైపులా నర్సరీ నుంచి అద్దెకు తెచ్చిన క్రోటన్ కుండీలు, చీపుళ్లు పెట్టుకునే గది తలుపు మీద 'మ్యాథ్స్ ల్యాబ్' అని కొత్త బోర్డు. లోపలి చీపుళ్లు ఎక్కడ పెట్టాలో తెలీక అటెండరు ఇశ్రాయేలు వాటిని చంకలో పెట్టుకుని సెంటరంతా తిరుగుతున్నాడు. పక్క ఊరి డిగ్రీ కాలేజీ నుంచి గోనెసంచుల్లో పుస్తకాలొచ్చాయి. అవి ఎవరి పుస్తకాలో తెలీకుండా ముద్రలున్న పేజీలు అడుగుకు వచ్చేలా బీరువాలో సర్దారు. కృష్ణప్రియ ఒకటి తీసి చూసింది. ఇంటర్మీడియట్ వాచకం. దాన్ని వెనక వరసలోకి తోసింది. తానూ ఈ నాటకంలో ఓ చెయ్యి వేసినట్టే కదా అనిపించి మనసు అదోలా అయింది.

వీరరాఘవయ్య పెందరాడే వచ్చాడు. మనిషి లావు, మాట మెత్తన. కుర్చీలో కూలబడి, చొక్కా పై గుండీ విప్పుకుని, "ఏదో ఒక చిన్న సిద్ధాంతం చెబుదామమ్మా. పిల్లలకి బాగా వచ్చింది, నాకూ వచ్చింది," అన్నాడు. ఆయన మాటల్లో ఎప్పుడూ కల్మషం ఉండదు. ఈ కథలో కల్మషం ఉన్నవాళ్లెవరూ లేరు, అదే వచ్చిన తంటా.

గ్రూప్ థియరీలో ఒకటి ఎంచుకున్నారు. గ్రూప్ అంటే కొన్ని వస్తువులు, వాటిని ఒకదానితో ఒకటి కలిపే ఓ పద్ధతి. కొన్ని గ్రూపుల్లో ఏది ముందు, ఏది తర్వాత అన్న పట్టింపు ఉండదు. కొన్నింట్లో ఉంటుంది. కృష్ణప్రియ పిల్లలకు దాన్ని పోపుతో చెప్పింది. ఉప్పూ కారం ఏది ముందేసినా కూర ఒకటే. నూనె కాగకముందు ఆవాలేస్తే మాత్రం అది పోపు కాదు. వరస పట్టింపు లేని గ్రూపులో, లోపలుండే చిన్న గ్రూపులన్నీ బుద్ధిగా ఉంటాయని ఆ సిద్ధాంతం. బుద్ధిగా అంటే, చిన్న గ్రూపులో ఉన్నదాన్ని బయటిదొకటీ, దాన్ని రద్దుచేసే విలోమమూ చెరోవైపు పట్టుకుని కదిపినా, అది ఆ చిన్న గ్రూపు గడప దాటి పోదు. రుజువు రెండు వరసలు.

పిల్లల్ని కూర్చోబెట్టే దగ్గర కొండలరావు తానే స్వయంగా వచ్చాడు. ఇంగ్లీషు మాట్లాడగలిగినవాళ్లు ముందు బెంచీ. నాగసాయి, అక్షయ, ఇంకో ఇద్దరు. అడగబోయే ప్రశ్నలు, చెప్పాల్సిన జవాబులు కాగితం మీద టైపు చేయించి ఇచ్చాడు. దేవమణి ఎప్పటిలా ముందు కూర్చోబోతే, "నువ్వు కాదమ్మా, నువ్వు చివర్న," అన్నాడు.

ఈ క్లాసులో లెక్క ఎక్కడ ఇరుక్కున్నా అందరి తలలూ దేవమణి వైపే తిరుగుతాయి.

"ఈ అమ్మాయిని ఎందుకు సార్ వెనక్కి?" అంది కృష్ణప్రియ.

"ఇంగ్లీషు తడుముకుంటుంది కదండీ. వచ్చినవాళ్లు ఆ అమ్మాయినే అడిగారనుకోండి... ఆ అమ్మాయికే ఇబ్బంది."

"ఆ అమ్మాయిని మించి..." అని ఆపేసింది. మించి ఎవరున్నారని ముందు బెంచీ పిల్లల ఎదుట అనడం భావ్యం కాదు.

"పర్లేదండి మేడమ్. వెనకే కూర్చుంటా," అంది దేవమణి. అప్పటికే సంచీ తీసుకుని నడుస్తోంది.

ఆ సాయంత్రం బస్టాండు దాకా ఇద్దరూ కలిసే నడిచారు. సిమెంటు లారీలు పోతుంటే దుమ్ముకు దేవమణి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆమె ఏనాడూ బస్సు తప్పిపోనివ్వదు. తల్లి లూర్దమ్మకు షుగరు. దానితోనే చూపు పోయింది. పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ సూది కూతురే వెయ్యాలి. తండ్రి లేడు.

"కోపంగా ఉందా?" అని అడిగింది కృష్ణప్రియ.

"లేదండి. మార్కులు రాకపోతే కోర్సు తీసేస్తారట కదండి. వెనక కూర్చుంటే పోయిందేముంది? నాకు రెండో సంవత్సరం ఉంటే చాలు మేడమ్."

కృష్ణప్రియకు కావలసిందీ అంతే. ఈ పిల్ల రెండో సంవత్సరం కూడా ఈ గదిలోనే చదవాలి. అందుకోసం వరండాలో నిలబడమంటే నిలబడుతుంది, కుండీలకు నీళ్లు పొయ్యమంటే పోస్తుంది.

*

ఆడిట్‌కు ముగ్గురొచ్చారు. ఇద్దరు ఆఫీసు గదిలో కంప్యూటర్ ముందు కూర్చుండిపోయారు. మూడో ఆయన రాధాకృష్ణమూర్తి, ఎక్కడో పెద్ద సంస్థలో లెక్కలు చెప్పి రిటైరైన ప్రొఫెసరు. సన్నగా, వంగి, తెల్లజుట్టు చెవుల మీదికి పడుతూ ఉన్నాడు. కుండీలు చూడలేదు, ఫ్లెక్సీ చూడలేదు. "క్లాసెక్కడమ్మా?" అని వరండాలో నిలబడ్డ కృష్ణప్రియనే అడిగి, నేరుగా వెళ్లి పక్క బెంచీ చివర కూర్చున్నాడు.

వీరరాఘవయ్య చెమటలు కక్కుతూ పాఠం చెప్పాడు. కొత్త రంగేసిన బోర్డు మీద సుద్ద జారిపోతోంది. అయినా రెండు వరసల రుజువూ నెగ్గుకొచ్చాడు. కాగితంలో ఉన్న ప్రశ్న అడిగాడు, నాగసాయి కాగితంలో ఉన్న జవాబు చెప్పాడు. కొండలరావు గుమ్మం దగ్గర హమ్మయ్య అనుకున్నాడు.

అప్పుడు రాధాకృష్ణమూర్తి లేచాడు. "బావుంది. మరి తిరగేసి అడుగుతా," అన్నాడు ఇంగ్లీషులో. "లోపలి చిన్న గ్రూపులన్నీ బుద్ధిగా ఉన్నాయనుకోండి. అప్పుడు పెద్ద గ్రూపు కూడా వరస పట్టింపు లేనిదేనా?"

అది కాగితంలో లేదు. నాగసాయి అక్షయ వైపు, అక్షయ బల్ల వైపు చూశారు. వీరరాఘవయ్య జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. కృష్ణప్రియ వరండా కిటికీ ఊచ పట్టుకుంది. ఈ ప్రశ్న తాను క్లాసులో ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉండాల్సింది. ఎంత మంచి ప్రశ్న!

"తెలుగులో చెప్పొచ్చాండి?" అని వెనక నుంచి వినబడింది.

"తెలుగులోనే చెప్పమ్మా. మాది దివిసీమ," అన్నాడాయన.

దేవమణి బెంచీల మధ్య నుంచి వచ్చి సుద్ద తీసుకుంది. దేవమణికి ముందు అది నిజమేననిపించింది. ఏ అనే మూలకం తీసుకుంది, బీ తీసుకుంది. బీని ఏ కీ, ఏ విలోమానికీ మధ్య పెట్టి చూస్తే మళ్లీ బీనే వస్తుందని రాసింది. అంటే ఏ ముందైనా బీ ముందైనా ఒకటే. అయిపోయింది.

"వెరీ గుడ్!" అన్నాడు వీరరాఘవయ్య ప్రాణం లేచొచ్చినట్టు.

రాధాకృష్ణమూర్తి అవుననలేదు, కాదనలేదు. దేవమణి రెండడుగులు వెనక్కి వేసి, తల ఓ పక్కకు వాల్చి తాను రాసింది చూసుకుంది.

"కాదండి," అంది.

"తుడిచెయ్యమ్మా, తుడిచెయ్యి," అన్నాడు కొండలరావు గుమ్మంలోంచి, లోగొంతుకతో. దేవమణి వినలేదు. చెయ్యి దానంతటదే కదిలింది. ఆ వరస చుట్టూ డబ్బా గీసి, కింద 'దేవమణి' అని రాసింది.

"చిన్న గ్రూపు బుద్ధిగా ఉందంటే, బీ వాళ్లింటి గడప దాటి పోలేదనే కదండి మనకు తెలిసింది. వచ్చినాయన ఆ ఇంటి మనిషే. బీనే అని ఎట్టా చెప్తాం? బీ తమ్ముడు కావచ్చు."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. రాధాకృష్ణమూర్తి మళ్లీ కూర్చున్నాడు. ఈసారి ముందు బెంచీలో, పిల్లల మధ్యన.

"అయితే తమ్ముడు బయటికొచ్చే ఇల్లు ఒకటి వెతకాలండి," అని దేవమణి మొదలుపెట్టింది. ఆరు మూలకాల గ్రూపు తీసుకుంది. కుదరలేదు, అందులో ఓ చిన్న గ్రూపు బుద్ధిగా లేదు. దానికీ డబ్బా గీసి పేరు రాసింది. తర్వాత ఎనిమిది మూలకాలది రాసింది. ఒకటి, ఐ, జే, కే, వాటి మైనస్‌లు. కృష్ణప్రియ వాటిని వానాకాలంలో ఓ రోజు, కరెంటు పోయి కిటికీ దగ్గర జేరినప్పుడు, ఊరికే సరదాకి చెప్పింది. దేవమణి ఐ తో జేని అటూ ఇటూ పట్టి చూసింది. మైనస్ జే వచ్చింది.

"వచ్చాడండి తమ్ముడు!" అంది. ముఖం వెలిగిపోయింది.

"ఇళ్లన్నీ చూశావా?" అని అరిచింది వెనక నుంచి ఓ పిల్ల. "మైనస్ ఒకటిది వదిలేశావ్," అంటూ నాగసాయి కాగితం బల్ల మీద పడేసి లేచి వచ్చాడు. ఇద్దరూ కలిసి ఒక్కో చిన్న గ్రూపూ పరీక్షించారు. ఆడిట్ సంగతి క్లాసంతా మర్చిపోయింది. వీరరాఘవయ్య కూడా కళ్లజోడు పెట్టుకుని, ఆసక్తిగా ఓ పక్కకు జరిగి చూస్తున్నాడు. అన్ని ఇళ్లూ బుద్ధిగానే ఉన్నాయి. ఊళ్లో మాత్రం వరస పట్టింపు ఉంది.

"కాబట్టి మీరడిగింది నిజం కాదండి," అని దేవమణి సుద్ద కింద పెట్టింది.

రాధాకృష్ణమూర్తి లేచి ఆ డబ్బాల దగ్గరికి వెళ్లి వేలితో చూపించాడు. "ఇవెందుకు తుడవలేదమ్మా?"

"మా క్లాసులో తప్పు తుడవమండి. శనివారం దాకా ఉంచుతాం. ఉంచి చూస్తేనే కదండి మళ్లీ చెయ్యం."

"ఎవరు నేర్పారిది?"

దేవమణి వీరరాఘవయ్యను చూసింది. ఆయన పాపం తల దించుకున్నాడు. ఆమె కిటికీ వైపు తిరిగింది.

"మా మేడమండి," అంది.

*

ఆయన కృష్ణప్రియతో విడిగా మాట్లాడతానన్నాడు. స్టాఫ్ రూములో ఇద్దరే కూర్చున్నారు. ఇశ్రాయేలు టీ పెట్టి వెళ్లాడు. ఆ టీ ఆయన ముట్టనే లేదు.

"నలభై ఏళ్లు పాఠం చెప్పానమ్మా. తన తప్పును దాచుకోకుండా చుట్టూ గీత గీసి పేరు రాసుకున్న పిల్లని చూడలేదు. నాకే ఆ ధైర్యం లేదు," అన్నాడు. "చెప్పండి. ఇక్కడ ఏమేం ఉన్నాయి, ఏమేం లేవు?"

అన్నీ ఉన్నాయనాలి. అదే అనుకుని వచ్చింది. కానీ ఇన్నేళ్లలో ఆమెను ఇలా ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎవరూ అడగలేదు. డాక్టరు చెయ్యి పట్టుకుని ఎక్కడ నొప్పి అని అడిగితే రోగి ఏం దాస్తాడు? చెప్పేసింది. బీరువాలో పుస్తకాలు మావి కావన్నది. ల్యాబు లేదన్నది. టైంటేబుల్లో ఉన్న పేరు వేరు, చెప్పేది వేరన్నది. వానొస్తే క్లాసు మధ్యలో బకెట్ పెడతామన్నది. పిల్లలు పైకి చదువుదామంటే దారి చూపించేవాళ్లు లేరన్నది. చెబుతున్నకొద్దీ గుండె తేలికవుతోంది. విన్నవాడికి తెలిస్తే కదా మందు వేసేది!

"మా సార్లని ఏమీ అనకండి. కోర్సు నిలబడాలనే ఇదంతా చేశారు," అంది చివర్లో.

"ఎవరినీ ఏమీ అననమ్మా. మీరు చెప్పింది మాత్రం ఒక్కటీ వదలకుండా రాస్తా. ఆ అమ్మాయి గురించి కూడా రాస్తా. ఆమెకు అన్యాయం జరగనివ్వను, అది నా పూచీ," అన్నాడాయన. వెళ్తూ వెళ్తూ ఆమె ఫోన్ నంబరు రాసుకుని, రెండు చేతులూ జోడించాడు.

జగ్గయ్యపేట చేరేసరికి కొట్టు దగ్గర భర్త సాయిప్రసాద్ కందిపప్పు బస్తాలు దింపిస్తున్నాడు. "ఏంటి, ముఖం అలా కళకళలాడుతోంది?" అన్నాడు.

"ఎవరో అడిగారండి. ఉన్నది ఉన్నట్టు చెప్పేశా," అంది. అతనికేం అర్థమైందో గానీ, "మంచిదేగా," అని మళ్లీ హమాలీల వైపు తిరిగాడు. ఆ వారమంతా ఆమె బస్సులో కిటికీ పక్కన కూర్చుని, వచ్చే ఏడాది ఏ పుస్తకాలు తెప్పించమనాలో అనుకుంటూ తిరిగింది. ఆశ పడ్డానికి ఖర్చేముంది!

*

కొండలరావు పిలిచాడు. టేబుల్ మీద కాగితాలున్నాయి. ఎదుటి కుర్చీ ఆయనే లాగి కూర్చోమన్నాడు. ఆ మర్యాదకే ఆమెకు అనుమానం వచ్చింది.

"మార్కులొచ్చాయి మేడమ్. అన్ని సెంటర్ల లెక్కల డిపార్టుమెంట్లలోనూ మనదే ఫస్టు. బోధనకు నూటికి నూరు వేశాడాయన. మెయిన్ క్యాంపస్‌కు కూడా అంత రాలేదు."

"నిజంగానా సార్!"

"ఆగండి." కొండలరావు కాగితం చూడకుండానే చెప్పాడు. అప్పటికే ఎన్నిసార్లు చదివాడో. "ఇంత ప్రతిభ ఉన్న పిల్లల్ని పుస్తకాలూ వసతులూ లేని చోట ఉంచడం వాళ్లకు అన్యాయం చెయ్యడమేనని రాశాడు. కనక వచ్చే సెమిస్టర్ నుంచి కోర్సు మొత్తాన్ని, పిల్లలతో సహా, మెయిన్ క్యాంపస్‌కు మార్చాలన్నాడు. పెద్దలు వెంటనే ఒప్పుకున్నారు. వాళ్లకి కావలసిందీ అదేగా. మీ బోర్డు పద్ధతి కూడా వాళ్లకు బావుందట. అక్కడ ప్రతి క్లాసులో తప్పులకని విడిగా బోర్డు పెడతారట. వీరరాఘవయ్య గారిని దానికి ఇన్‌ఛార్జిని చేశారు. ఆయన పొద్దున ఫోన్ చేసి ఏడ్చినంత పనిచేశాడు, నాకు సిగ్గుగా ఉందయ్యా అని."

"మరి నేను..."

"గెస్టు ఫ్యాకల్టీ ఈ సెంటర్ వరకే కదా మేడమ్. మీ పేరు రిపోర్టులో ఉంది. చాలా గొప్పగా రాశాడు. జిరాక్సు తీయించి ఉంచా మీకు."

కృష్ణప్రియ ఆ జిరాక్సు తీసుకోలేదు. ఒళ్లంతా మండుతోంది. ఎవరి మీద మండాలో తెలియడం లేదు.

"మార్కులు రాకపోతే ఎత్తేస్తామన్నారు. వస్తే ఎత్తుకుపోతున్నారు. మరి మనం ఎలా ఉండాల్సింది సార్?"

కొండలరావు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "మధ్యరకంగా ఉండాలమ్మా. మరీ చెడ్డా కాదు, మరీ మంచీ కాదు. అలాంటివాటి జోలికి ఎవరూ రారు. నేను కుండీలూ పుస్తకాలూ తెచ్చింది అందుకే. ఓ మోస్తరుగా ఉందిలే అనుకుని వెళ్లిపోతారని. మీరు నిజం చెప్పారు. తప్పని అనను. నేనైతే చెప్పేవాణ్ని కాదు."

ఆయన గొంతులో దెప్పిపొడుపు లేదు. ఉంటే బావుండేదనుకుంది. ఎదురు దెబ్బలాడుకోవడానికి వీలుండేది.

*

మెయిన్ క్యాంపస్ ఇంటి నుంచి రోజూ వెళ్లొచ్చేంత దగ్గర కాదు. మగపిల్లలందరూ అక్కడికి సరేనన్నారు. అక్షయను వాళ్ల నాన్న హాస్టల్లో చేర్పిస్తానన్నాడు. మిగతా ఆడపిల్లల్లో చాలామంది టీసీలు తీసుకోవడానికి వచ్చారు. దేవమణి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. లూర్దమ్మ కూతురి భుజం మీద చెయ్యేసి, మెట్లు కాలితో తడిమి చూసుకుంటూ ఎక్కింది. అద్దె కుండీలు ఎప్పుడో వెళ్లిపోయాయి.

"మీరన్నా చెప్పండమ్మా దీనికి," అంది లూర్దమ్మ, కృష్ణప్రియ గొంతు వినబడ్డ వైపు తిరిగి. "పొమ్మంటన్నా. పోనంటది. సూదిదేముందమ్మా, పక్కింటోళ్లని బతిమాలుకుంటా."

"వాళ్లు రెండ్రోజులు వేస్తారండి మేడమ్. మూడోరోజు మిరపకాయ కోతకి పోతారు. పోయినేడు నేను పరీక్షలకి రెండు పూటలు లేకపోతే ఏమైందో చూశాంగా. ఆస్పత్రిలో పడింది," అంది దేవమణి. గొంతు పెంచలేదు. లెక్కలో మెట్టు చెప్పినట్టే చెప్పింది.

"అమ్మని కూడా తీసుకెళ్తే? అక్కడ గది చూసుకుని..."

"ఇల్లయితే ఈమె తడుముకుంటూ తిరుగుద్దండి. పొయ్యి ఎక్కడుందో తెలుసు, బిందె ఎక్కడుందో తెలుసు. కొత్త చోట నేను కాలేజీకి పోతే రోజంతా మంచం మీదే కూర్చోవాలి."

"పోనీ నువ్వు జగ్గయ్యపేట రా. రెండో సంవత్సరం పాఠాలన్నీ నేను చెప్తా. రోజూ చెప్తా," అంది కృష్ణప్రియ. తన మాట తనకే బతిమాలుతున్నట్టు వినబడింది.

"మీరు చెప్తారండి. నాకు తెలుసు. పరీక్షెవరు పెడతారు మేడమ్?"

కొండలరావు టీసీ మీద సంతకం పెట్టి, ముద్ర వేసి, కాగితం ఆరేదాకా చేత్తో ఊపి ఇచ్చాడు. వీరులపాడులో ఓ ఇంగ్లీషు మీడియం స్కూలు వాళ్లు ఆరో తరగతికి లెక్కలు చెప్పమన్నారట. దేవమణి ఒప్పుకుంది.

బస్టాండులో ముగ్గురూ నీడ చూసుకుని నిలబడ్డారు. ఫోన్ మోగింది. రాధాకృష్ణమూర్తి.

"కృష్ణప్రియ గారూ, శుభవార్త మీకు చేరే ఉంటుంది!" ఆయన గొంతు పిల్లాడి గొంతులా ఉంది. "వాళ్లు నా సిఫారసు ఒప్పుకుంటారని నేననుకోలేదమ్మా. అక్కడి లైబ్రరీ చూశారా మీరు? ఆ అమ్మాయి ఇక దూసుకుపోతుంది. నేనే వారానికోసారి వెళ్లి ఆమెకు పాఠం చెబుదామనుకుంటున్నా. నాకింక వేరే పనేముంది? హాస్టల్ వార్డెన్‌తో కూడా మాట్లాడా. దేవమణి మీ దగ్గర్లో ఉందా? ఒక్కసారి ఇవ్వరూ?"

కృష్ణప్రియ ఫోన్ అందించింది. దేవమణి చున్నీతో చెయ్యి తుడుచుకుని అందుకుంది.

"నమస్తే సార్... అవునండి, తెలిసిందండి... చాలా సంతోషం సార్... ఆ, వస్తానండి... తప్పకుండా వస్తాను సార్... ఆ ఎనిమిదింటి గ్రూపు లాంటివి ఇంకా ఉన్నాయాండి? నిజమాండి?... అయితే వచ్చాక అడుగుతాలెండి... ఉంటాను సార్."

ఫోన్ తిరిగి ఇచ్చింది.

"వస్తానన్నావేం?" అంది కృష్ణప్రియ.

"ఆయన అంత సంతోషంగా ఉన్నాడు కదండి మేడమ్. మనకోసమే చేశాడు. ఏం చెప్పమంటారు?" అంది దేవమణి. అంతసేపూ నిబ్బరంగా ఉన్న పిల్లకు అప్పుడు కళ్లు నిండాయి. తల్లికి కనబడదు గనక తుడుచుకోలేదు.

వీరులపాడు బస్సొచ్చింది. దేవమణి తల్లి చెయ్యి తీసి తలుపు పక్క కమ్మీ మీద పెట్టింది. వెనక నుంచి నడుం పట్టుకుని ఎక్కించింది. సీటు దొరికిందో లేదో తెలియకముందే బస్సు కదిలిపోయింది.

కృష్ణప్రియకు ఇక ఆగలేదు. ఆయనకు చెప్పి తీరాలి. మీరు మంచే రాశారు, ఆ మంచే ఈ పిల్ల గొంతు కోసిందని చెప్పాలి. ఆ లైబ్రరీకి బస్సు లేదని, ఆ హాస్టల్లో సూది వేసేవాళ్లు లేరని, మీరు చూసి మురిసిపోయిన ఆ చెయ్యి రేపట్నుంచి ఆరో తరగతి హోంవర్కులు దిద్దుతుందని చెప్పాలి. నంబరు నొక్కింది. ఒక్క రింగుకే ఎత్తాడాయన.

"చెప్పండమ్మా! ఇప్పుడే బీరువా తీసి ఆమెకిద్దామని నా పాత పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చున్నా. దుమ్ము, దుమ్ము. మా ఆవిడ తిడుతోంది," అని నవ్వాడు. "ఏంటి, ఏమైనా చెప్పాలా?"

కృష్ణప్రియ నోరు తెరిచింది. ఎదురుగా బస్సు పోయిన దుమ్ము ఇంకా సద్దుమణగలేదు.

"ఏం లేదండీ," అంది. "దేవమణి ఇప్పుడే బస్సెక్కింది. చాలా సంతోషంగా ఉంది. అది చెబుదామని చేశా."